నూట యాభై నిమిషాలు

చిక్కడపల్లి,
ఆగస్టు 4

చి. సింధూరకి,

ఈ ఉత్తరం మీ పెదనాన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన రోజూ పేపర్లు చదవడానికి లైబ్రరీకి వస్తారనీ, నువ్వు అక్కడే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటావనీ, ఒకరినొకరు చూసి తల వంచుకుని వెళ్ళిపోతారనీ నాకు తెలుసు. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు. కవరు గట్టిగా అంటించాను. ఫోన్ చేద్దామంటే ఐదేళ్ళుగా నువ్వు నా ఫోన్ ఎత్తవు. ఎత్తినా, ఇది ఫోన్లో చెప్పే మాట కాదు.

శనివారం సాయంత్రం నారాయణగూడలో మందుల షాపు దగ్గర నువ్వు నా ముందు నిలబడ్డావు. నీ వెనక ఇద్దరు, వాళ్ళ వెనక నేను. నువ్వు తిరిగి చూడలేదు. షాపతను నీ చీటీ లైటు కింద పెట్టి, వీధంతా వినేటట్టు చదివాడు. "మిరాబెగ్రాన్. ఇది ఉచ్చ ఆగనోళ్ళకు రాస్తరు గద మేడమ్. ఎవలికి?" అన్నాడు. నువ్వు "మా అమ్మకి" అన్నావు. "లోపల చూస్త, జర ఆగున్రి" అంటూ అతను అటు తిరిగేలోగా చీటీ తీసుకుని వెళ్ళిపోయావు.

మీ అమ్మ సుహాసిని పోయి ఐదేళ్ళయింది. నా చెల్లెలికి గుండె జబ్బు ఉండేది గానీ ఈ జబ్బు లేదు. ఇది మన ఇంట్లో ఎవరికుందో నాకు తెలుసు. నాకుంది. పద్దెనిమిదేళ్ళుగా. మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు. మాత్రలు కనబడితే గ్యాసుకి అంటాను. కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి, అదీ నన్ను చూస్తే మొహం తిప్పుకునే నీకు.

కవర్లో నెలకి సరిపడా స్ట్రిప్పులు ఉన్నాయి. నీ చీటీలో ఉన్నవి కావు, నేను వేసుకునేవి. పదకొండేళ్ళ కిందట ఒక డాక్టరు రాశాడు, అప్పటినుంచీ అదే చీటీ చూపించి కొనుక్కుంటున్నాను. పేరేదైతేనేం, రోగం ఒకటే కదా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకో. నీకు ఇరవై తొమ్మిదేళ్ళకే ఎందుకొచ్చిందో, ఎప్పటినుంచో, రాయాలనిపిస్తే రాయి.

మీ పెద్దమ్మ,
సుబ్బులు


అశోక్‌నగర్,
ఆగస్టు 8

సుబ్బులు గారికి,

మీ ఉత్తరం అందింది. పెదనాన్న బల్ల మీద కవరు పెట్టి, "మీ పెద్దమ్మ" అని, అక్కడితో ఆగి, పేపర్ల వైపు వెళ్ళిపోయారు.

మీరు విన్నది నిజమే. కిందటిసారి గ్రూప్ పరీక్షలో నూట యాభై నిమిషాల పేపర్లో మూడుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ ఇన్విజిలేటర్ ఎవరినో పిలవాలి, ఆవిడ వచ్చేదాకా నేను నిలబడాలి, హాల్లో అందరూ తలెత్తి చూడాలి. చివరి పద్నాలుగు ప్రశ్నలకి గడులు నింపలేదు. రెండు మార్కుల్లో పోయింది. చదవక పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ పద్నాలుగులో పదకొండు నాకు వచ్చు.

మళ్ళీ పరీక్ష డిసెంబరులో. ఇది మూడోసారి, ఆఖరుసారి. రాకపోతే నాన్న దగ్గరికి ఖమ్మం వచ్చేస్తానని మాటిచ్చాను. ఈ హాస్టల్లో గదికి ఐదుగురం, గదికీ గదికీ మధ్య ప్లైవుడ్, పద్నాలుగు మందికి ఒక బాత్రూమ్. నా సంగతి ఎవరికీ తెలియకూడదని పొద్దున సగం గ్లాసు నీళ్ళతో సరిపెట్టుకుంటాను. అయినా గంటకోసారి పరుగే.

మాత్రలు తిప్పి పంపడం లేదు. నాకు పరీక్ష ముఖ్యం. అంతమాత్రాన ఏదో మారిందనుకోవద్దు. అమ్మ ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. మీరు ఒక్కసారీ రాలేదు. జ్వరం అన్నారు. తొమ్మిది రోజుల జ్వరం.

సింధూర


చిక్కడపల్లి,
ఆగస్టు 16

చి. సింధూరకి,

గారు తగిలించావు. మీ అమ్మకి కోపం వచ్చినా అంతే, నన్ను "మీరు" అనేది. అది అలా పిలిచిన రోజు ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, నేను తప్ప.

తొమ్మిది రోజుల సంగతి నువ్వు ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. ఒంట్లో బాగాలేదు. అది వదిలేయి.

నీ సంగతికి వద్దాం. నేను ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. టీచర్ల బాత్రూమ్ గ్రౌండు అవతల ఉండేది. పీరియడుకీ పీరియడుకీ మధ్య ఐదు నిమిషాలు. వెళ్ళొచ్చేలోగా నలభై మంది పిల్లలు బల్లలెక్కేవాళ్ళు. అందుకని వెళ్ళేదాన్ని కాదు. నీళ్ళు తాగేదాన్ని కాదు. స్టాఫు రూములో అందరం అంతే, ఎవరి సీసా సాయంత్రానికి నిండుగా ఉంటే వాళ్ళు గట్టివాళ్ళని లెక్క. ఆ గొప్ప ఎక్కడికి తెచ్చిందో చూస్తున్నావుగా.

ఒక పాపం ఉంది, చెప్పుకోవాలి. పిల్లలు పాఠం మధ్యలో చిటికెన వేలు ఎత్తేవాళ్ళు. "కూర్చో, బెల్లు కొట్టాక" అనేదాన్ని. ముప్పయ్యేళ్ళు అదే మాట. రిటైరయ్యాక ఒక పెళ్ళిలో మైకు ముందు నన్ను మాట్లాడమంటే, రెండు వాక్యాలు చెప్పేసరికి తన్నుకొచ్చింది. అప్పుడు నేను ఎవరికి వేలెత్తి చూపించను? ఆ తర్వాత పెళ్ళిళ్ళు మానేశాను. సుబ్బులుకి పొగరు అన్నారు. ఉచ్చ ఆగదనడం కన్నా పొగరుబోతు అనడమే నయమనుకున్నాను.

మాత్రలు ఎలా ఉన్నాయో రాయి. నోరు కాస్త ఎండుతుంది. లవంగం బుగ్గన పెట్టుకో.

పెద్దమ్మ


అశోక్‌నగర్,
సెప్టెంబరు 5

పెద్దమ్మ గారికి,

మాత్రలు పనిచేశాయి. అదే వచ్చిన తంటా.

మొదటి వారం లైబ్రరీలో రెండేసి గంటలు కదలకుండా కూర్చున్నాను. రెండో వారానికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. హాస్టల్లో వండే ప్రేమ అని ఒకామె ఉంది, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. నేను అన్నం మింగలేకపోవడం చూసి పక్కన కూర్చుంది. "ఏంది అక్క, గట్ల ఎండిపోయినవ్? నీళ్ళు తాగకుంట కూసుంటే అయితదా? మేం బిల్డింగు పనులకు పోయినప్పుడు గిట్లనే జేసినం. ఆడోళ్ళకు అడ్డం ఉండది గద, పొద్దుగూకేదాంక నీళ్ళు ముట్టకపోతుంటిమి. మంట పట్టి దవాఖానల వడ్డ" అంది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే దాస్తున్నాననుకున్నాను.

పోయిన ఆదివారం మోడల్ టెస్టు. నూట యాభై నిమిషాలూ కూర్చున్నాను, ఒక్కసారీ లేవలేదు. కానీ గడులు కళ్ళ ముందు అలుక్కుపోయాయి. నిద్రలో కూడా చెప్పగల ఆర్టికల్ నంబర్లు గుర్తు రాలేదు. ఎప్పుడూ నూటపది దాటేదాన్ని, డెబ్భై ఆరు వచ్చాయి. కూర్చోవడానికి తలని తాకట్టు పెట్టానా అనిపించి భయమేసింది.

మర్నాడే హిమాయత్‌నగర్‌లో నాకు మొదట చీటీ రాసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. స్ట్రిప్పు చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, "ఇది నేను రాయలేదే" అంది. చెప్పేశాను. "పక్కింటావిడ కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష రాస్తావా?" అంది. ఇది పాతకాలపు రకమట. మూత్రపు సంచిని శాంతింపజేస్తుంది గానీ నోరు, కళ్ళు, పేగులు అన్నిటినీ ఎండబెడుతుందట. కొందరికి తల మందగిస్తుందట. ఆపేయమంది. ముందు రాసిన మందే ఈసారి కొనుక్కోమంది, అది నాలుగైదు వారాలకి గానీ పూర్తిగా పట్టదట. నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుందట. రోజుకి ఎనిమిది గ్లాసులు తాగాలి, టీ ఒకటికి దించాలి, తన్నుకొచ్చినప్పుడు పరిగెత్తకుండా కూర్చున్నచోటే బిగబట్టి ఆ ఊపు తగ్గేదాకా ఆగాలి. మొదటి వారం ఐదు నిమిషాలు, తర్వాత పది. ఎప్పుడు తాగాను, ఎప్పుడు వెళ్ళాను, ఎంత, అన్నీ డైరీలో రాయాలి.

ఇప్పుడు అసలు విషయం. "ఇవి ఎవరివి?" అని అడిగింది. అరవై మూడేళ్ళావిడ, పదకొండేళ్ళుగా వేసుకుంటోంది అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మధ్యలో ఎవరైనా చూశారా? ఆవిడకి మతిమరుపు ఉందా?" అంది. తెలియదన్నాను. తీసుకురమ్మంది. అడుగుతున్నాను, మతిమరుపు ఉందా?

సింధూర


చిక్కడపల్లి,
సెప్టెంబరు 9

సింధూరా,

నీ డెబ్భై ఆరు మార్కులు చదివి అన్నం తినలేదు. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని ఊళ్ళో అందరికీ చెబుతాను. నీకు మందు ఇచ్చింది నేను, చెడింది నీ పరీక్ష. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

నువ్వడిగిన మతిమరుపు ఉంది. అపార్టుమెంటు పిల్లలకి సాయంత్రాలు పద్యాలు చెప్పేదాన్ని. రెండేళ్ళ కిందట ఒకరోజు రెండు పాదాలు చెప్పి మూడోది మర్చిపోయాను. నలభై ఏళ్ళుగా నోట్లో ఉన్న పద్యం. పిల్లలు ఎదురుచూస్తున్నారు. తలనొప్పి అని పంపేశాను, మళ్ళీ పిలవలేదు. మా అమ్మకి చివర్లో మనుషులే గుర్తులేరు. నాకూ అదే మొదలైందనుకుని నోరు మూసుకున్నాను. ఇది మాత్ర వల్ల కావచ్చని నాకెవరు చెబుతారు?

కానీ నేను రాను. డాక్టరంటే టోకెను, హాలు, రెండు గంటల కుర్చీ. నేను వెళ్ళగలిగింది నారాయణగూడ మందుల షాపు వరకే. ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్ళి బయల్దేరతాను, పావుగంటలో ఇంటికొచ్చి పడతాను. అంతకు మించి నన్ను లాగకు.

పెద్దమ్మ


అశోక్‌నగర్,
సెప్టెంబరు 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వెళ్ళగలిగింది మందుల షాపు వరకే అని రాశావు.

ఒక్కటే అడుగుతాను, దాచకుండా రాయి. ఆ తొమ్మిది రోజులూ వచ్చింది జ్వరమేనా?

సింధూర


చిక్కడపల్లి,
సెప్టెంబరు 27

సింధూరా,

రెండు వారాలుగా రాస్తూ చింపుతూ ఉన్నాను. ఇది చింపను.

జ్వరం కాదు. మొదటి వారం మీ అమ్మ బాగానే మాట్లాడేది. రోజుకి రెండుసార్లు ఫోన్. ఐదో అంతస్తు, విజిటర్లకి ఒకటే లిఫ్టు, కింద హాల్లో గంట కూర్చోవాలని మీ నాన్న చెప్పాడు. ఇంటికొచ్చాక తీరిగ్గా వస్తానే అన్నాను. అది నవ్వి సరేనంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, ఈ తిండి నోట పెట్టలేకపోతున్నాను, నీ చేతి చారు తీసుకురావే" అంది. జన్మలో నన్ను ఏదీ అడగని మనిషి.

నేను బయల్దేరాను.

చారు కాచి, మా గృహప్రవేశానికి మీ అమ్మే ఇచ్చిన స్టీలు డబ్బాలో పోశాను. మూత మీద దాని పేరు చెక్కి ఉంటుంది. మీ పెదనాన్న బ్యాంకు పని మీద వెళ్ళారు. ఒక్కదాన్నే ఆటో ఎక్కాను. ముషీరాబాద్ వైపు ఏదో ఊరేగింపు. క్రాస్‌రోడ్స్‌లో ఆటో ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై, నలభై. ముందుకీ లేదు, వెనక్కీ లేదు, దిగుదామంటే నాలుగువైపులా బళ్ళు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. చారు ఒక్క చుక్క ఒలకలేదు. నేను ఆగలేకపోయాను.

ఆటో ఆయన పేరు పీరయ్య. పెద్దాయన. అద్దంలో చూసి అర్థం చేసుకున్నాడు. తన నీళ్ళ సీసా తీసి సీటు మీద పోసి, "సీసా వలికింది, ఏంగాదమ్మ. ఇంటికి దింపుత పా" అన్నాడు. చీర అంతా తడిసి ఉంటే గుండె ఆపరేషన్ అయిన మనిషి మంచం పక్కకి ఎలా వెళ్ళను? రేపు వెళ్దామనుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి, మీ పెదనాన్నకి జ్వరమని చెప్పి పడుకున్నాను. తెల్లారి మీ నాన్న ఫోన్.

చారు కోసం అడిగిన చెల్లెల్ని తడి చీర కోసం వదిలేశాను. అందరూ పొగరు అన్నారు, నువ్వు మనసు లేదన్నావు. రెండింటికీ తల ఊపాను. ఆ డబ్బా కడిగి అటక మీద పెట్టాను, మళ్ళీ దించలేదు.

ఇంకేం రాయను.

సుబ్బులు


అశోక్‌నగర్,
అక్టోబరు 11

పెద్దమ్మా,

నేనూ ఒకటి దాచాను.

ఆ సాయంత్రం అమ్మ తలుపు వైపు చూస్తూనే ఉంది. "అక్క చారు తెస్తానంది" అని నర్సుకి కూడా చెప్పింది. ఏడు దాటాక నేను విసుక్కున్నాను. ఇక రాదులే, అంత ప్రేమ ఉంటే ఎప్పుడో వచ్చేది అన్నాను. అమ్మ నా వైపు తిరిగి, "అలా అనకు. దానికేదో అయ్యుంటుంది. లేకపోతే వచ్చేది" అంది.

అమ్మ నీ గురించి చివర అన్న మాట అదే. ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే నీ మీద కోపం నిలవదని నాకు తెలుసు, నాకు ఆ కోపం కావాలి. అమ్మ పోయిందని ఏడవడం కన్నా నువ్వు రాలేదని మండిపడటం సులువుగా ఉండేది. పన్నెండు రోజులు నీకేం రాయాలో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. నువ్వు డాక్టరు దగ్గరికి వస్తున్నావు.

వినకుండా కాగితం మడిచేయకు. మూడు సాయంత్రాలు పుస్తకం పక్కన పెట్టి మీ ఇంటి నుంచి హిమాయత్‌నగర్ దాకా నడిచాను. అడుగడుగూ చూసుకుని దారి గీశాను, కవర్లో ఉంది. ఎర్ర సున్నా ఉన్న ప్రతిచోటా బాత్రూమ్ ఉంది. మొదటిది లైబ్రరీ. రెండోది నారాయణగూడలో చీరల షాపు, రెండో అంతస్తు, శుభ్రంగా ఉంది, చీరలు చూస్తున్నట్టు వెళ్ళాలి. మూడోది పెట్రోలు బంకు, అక్కడ పనిచేసే రోజా అనే అమ్మాయిని అడిగితే తాళం ఇస్తుంది, చెప్పి ఉంచాను. నాలుగోది ఒక టిఫిన్ సెంటరు. ఏ రెండు సున్నాల మధ్యా పన్నెండు నిమిషాల నడక కన్నా ఎక్కువ లేదు. క్లినిక్‌లో మొదటి టోకెను, ఉదయం తొమ్మిది. కుర్చీలో కూర్చునే పని లేదు. డాక్టరమ్మ గది పక్కనే ఐదో సున్నా.

నా డైరీలో ఈ వారం ఒకసారికీ ఇంకోసారికీ మధ్య లెక్క రెండు గంటల పది నిమిషాలు. ప్రతి రోజూ చదువు టైంటేబుల్లో దీన్ని కూడా ఒక సబ్జెక్టుగా రాసుకున్నాను. తన్నుకొచ్చినప్పుడు కదలకుండా బిగబట్టి ప్రాథమిక విధులు వరసగా అప్పచెబుతాను. పదకొండోది వచ్చేసరికి ఊపు తగ్గుతుంది. కొత్త మాత్ర పట్టింది. నోరు ఎండలేదు, మోడల్ టెస్టులో నూటపద్నాలుగు. ప్రేమకి చెప్పాను. ఆమె రోజూ నా సీసా నింపి, ఖాళీ అయిందా లేదా అని తిప్పి చూస్తుంది.

శనివారం ఎనిమిదింటికి మీ ఇంటి కింద ఉంటాను.

సింధు


చిక్కడపల్లి,
నవంబరు 19

సింధూ,

నిన్ను వారానికోసారి చూస్తూ కూడా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా చెబితే నీతో పాటు నేనూ ఏడుస్తాను, ఇద్దరికీ పని చెడుతుంది.

డాక్టరమ్మ పాత మాత్ర మాన్పించి ఐదు వారాలు. నీ మందు నాకూ వెంటనే ఇస్తుందనుకున్నాను. బీపీ చూసి, ముందు ఇది దిగాలి, ఆ తర్వాతే అంది. నాలుగు వారాలు బీపీ మందు వేసుకుని, ఉప్పు తగ్గించి, ఊరగాయ జాడీ మీ పెదనాన్న చేత పై అరలో పెట్టించి బీపీని దించాను. పోయిన బుధవారం కొత్త మాత్ర మొదలుపెట్టింది. ఈలోగా బిగబట్టే వ్యాయామం నేర్పింది. టీవీలో వార్తలు వస్తున్నంతసేపూ చేస్తాను. ఇప్పటికి గంటా పదిహేను. నీ రెండు గంటల ముందు నేను ఇంకా ఒకటో తరగతే.

నిన్న కూర తరుగుతుంటే ఆ పద్యం మూడో పాదం దానంతటది వచ్చింది. నాలుగోది కూడా. కత్తిపీట ముందు కూర్చుని పైకి మూడుసార్లు చదివాను. అంతా మాత్ర వల్లే పోయిందనీ, అంతా తిరిగొస్తుందనీ డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. ఒక పాదం వచ్చినా చాలు నాకు. ఆదివారం నుంచి పిల్లల్ని రమ్మన్నాను. చిటికెన వేలు ఎత్తితే అడగక్కర్లేదు, లేచి వెళ్ళిపోవచ్చు అని ముందే చెబుతాను.

ఇంకొకటి. మీ పెదనాన్నకి చెప్పాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత, కాఫీ ఇస్తూ, ఆయన మొహం చూడకుండా. ఆయన కప్పు పట్టుకుని, "తెలుసు" అన్నారు. ఎప్పటినుంచి అంటే చెప్పరు. అప్పుడు గుర్తొచ్చింది. ఏ ఫంక్షను హాలుకి వెళ్ళినా ఈ మనిషి నన్ను గుమ్మంలో ఆపి, ముందు లోపలికి వెళ్ళి అంతా తిరిగొచ్చి, "ఎడమ పక్క చివర కూర్చుందాం, గాలి వస్తుంది" అనేవారు. అక్కడ ఎప్పుడూ గాలి ఉండేది కాదు. బాత్రూమ్ ఉండేది. మీరెందుకు అడగలేదంటే, "నువ్వు చెప్పలేదుగా" అన్నారు. ఈ ఇంట్లో ఇద్దరం ఇద్దరమే.

పరీక్షకి నెల కూడా లేదు. సెంటరు నారాయణగూడలోనే పడిందన్నావు. నేను గేటు దగ్గరికి వస్తాను. వద్దనకు.

పెద్దమ్మ


అశోక్‌నగర్,
డిసెంబరు 18

పెద్దమ్మకి,

వద్దన్నాను. ఎందుకంటే ముందు రోజే వెళ్ళి ఆ వీధి చూశాను. ఆ గేటు చుట్టుపక్కల పావుగంట నడక వరకూ ఎర్ర సున్నా లేదు. లోపలున్నవి మాకే, నీకు రానివ్వరు. రెండుసార్లు ఫోన్లో చెప్పాను. "సరేలే" అన్నావు. నీ సరేలే ఏమిటో నాకు తెలిసి ఉండాల్సింది.

మొదటి రోజు పొద్దున పేపరు పూర్తిగా కూర్చున్నాను. నూట యాభై నిమిషాలు, నూట యాభై గడులు. బెల్లు కొట్టాక గానీ పెన్ను మూత పెట్టలేదు. మధ్యాహ్నం పేపరులో గంటన్నర దాటాక తన్నుకొచ్చింది. ప్రాథమిక విధులు రెండుసార్లు చెప్పుకున్నాను, తగ్గలేదు. లేచాను. కిందటిసారి లేచినప్పుడు ఏడ్చాను. ఈసారి చెయ్యెత్తి, ఆవిడ వచ్చేలోగా నిలబడే రెండు ప్రశ్నలు చదువుకున్నాను. ఆరు నిమిషాలు పోయాయి. వెళ్ళొచ్చి మిగతావి పూర్తి చేశాను. ఒక్క గడి వదల్లేదు. రెండో రోజు రెండు పేపర్లలోనూ లేవలేదు. ఫలితం ఎలా ఉంటుందో తెలియదు. బాత్రూమ్ దగ్గర మాత్రం నా మార్కులు పోలేదు. పోతే నాకు జవాబు రాక పోతాయి, దానికి నేను సిద్ధం.

అసలు రాయాలనుకున్నది ఇది. మొదటి రోజు మధ్యాహ్నం పేపరుకి ముందు బయటకి వస్తే, గేటుకి ఎదురుగా జెరాక్స్ షాపు అరుగు మీద నువ్వున్నావు. ఒళ్ళో డబ్బా, దాని మీద నీ రెండు చేతులు. పెదనాన్న పక్కన నిలబడి పేపరు చదువుతున్నారు. ఎప్పుడొచ్చావని అడిగాను. నువ్వు మాట మార్చావు. పెదనాన్న పేపరు దించకుండా, "నువ్వు లోపలికి వెళ్ళినప్పుడు" అన్నారు. నేను అక్కడే, గుంపు మధ్యలో, చిటికెన వేలెత్తి చూపించాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. మొదటిసారి నమ్మలేక మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ఊపావు. నేను లోపల కూర్చున్నంతసేపూ నువ్వు బయట కూర్చున్నావు.

చారన్నం చల్లారిపోయింది. ఉప్పు లేదు, నీ బీపీ పుణ్యమా అని. మెతుకు మిగల్చకుండా తిన్నాను. మూత మీద అమ్మ పేరు బొటనవేలికి తగిలింది. అటక మీద నుంచి దించి తోముకుని తెచ్చావని అప్పుడు అర్థమైంది. అక్కడ ఏమీ అనలేకపోయాను, బెల్లు కొట్టేశారు. ఇప్పుడు అంటున్నాను. అమ్మ అడిగిన చారు అందింది పెద్దమ్మా.

డబ్బా కడిగి నా దగ్గరే ఉంచాను. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని అమ్మ అనేది. ఆదివారం ప్రేమ దగ్గర నేర్చుకుని ఏదో ఒకటి వండి, నింపి తెస్తాను. ఇక్కడి నుంచి మీ ఇంటికి పది నిమిషాలు. తలుపు తీసి ఉంచు.

నీ
సింధు